తీరని పద్దు, తీరిన ఋణము
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగము)



మన గ్రంథాలయమునకు 25 సంవత్సరములు నిండిన ఈ శుభసమయమున నవలలను గూర్చి నాలుగు మాటలు చెప్పుమని కార్యదర్శిగారు నన్ను ఆజ్ఞాపించిరి. నేను పండితుడను కాను. లెక్కలు వ్రాయుట నా వృత్తి. తీరిక దొరకినప్పుడు భారత భాగవతములను, తెనుగులోనికి వచ్చిన అన్యదేశపు కథలను చదువుకొనుట నా అభ్యాసము. కావున నా మాటలలో శాస్త్రము తక్కువగను, పద్దులు ఎక్కువగను కనిపించినచో మన్నింప వేడుచున్నాను.

మన గ్రంథాలయమున ఎక్కువగా చేతులు మారి, అట్టలు చినిగి, మరల కుట్టు వేయించుకొను పుస్తకములు ఏవియో మీరందరు ఎరుగుదురు. అవి వెనుకటి కాలపు ప్రణయకథలు. అందును చీకటి నిండిన కథలు. కోటలు, చెరసాలలు, పగలు, ద్రోహములు, వాని నడుమ ఒక ప్రేమ. పెద్దలు కొందరు, "ఇంటిలో ఉన్న ఏడుపు చాలదా, పుస్తకములో గూడ ఏడుపెందుకు?" అని అడుగుచుందురు. ఈ ప్రశ్న తీసివేయదగినది కాదు. దీనికి తగిన సమాధానము చెప్పుకొనలేకపోయినచో ఈ పుస్తకములకు బీరువాలో చోటిచ్చుటకు మనకు కారణముండదు.

ఇట్టి కథలలో ముఖ్యముగా రెండు పనులు జరుగును. ఒకటి, గాయపడిన మనస్సు మానుట. రెండవది, చెడిన మనిషి ఉద్ధరింపబడుట. మంచి నవలకును చౌకబారు నవలకును గల భేదమంతయు ఈ రెండు పనులు ఏ తీరున జరిగినవను దానిలోనే ఉన్నదని నా నమ్మకము. మా లెక్కల భాషలో చెప్పవలెనన్న, బాకీ నిజముగా చెల్లినదా, లేక ఊరక కొట్టివేయబడినదా అనునదే ప్రశ్న. దీనిని విచారించుటకు నేడు ఒక్క నవలనే తీసికొందును. అది ఇంగ్లీషు నవలాకారుడు చార్లెస్ డికెన్స్ వ్రాసిన రెండు నగరముల కథ. దానిని తెన్నేటి సూరిగారు "రెండు మహానగరాలు" అను పేరుతో మనకు తెనిగించి యిచ్చిరి. ఆ నగరములు లండన్, పారిస్. కాలము ఫ్రెంచి విప్లవ కాలము.

డికెన్స్ ఈ నవలను 1859వ సంవత్సరము ఏప్రిల్ 30 మొదలు నవంబరు 26 వరకు "ఆల్ ది ఇయర్ రౌండ్" అను తన వారపత్రికలో 31 భాగములుగా ప్రకటించెను. విప్లవ చరిత్రకు ఆయన ఆధారముగా గొన్నది కార్లైల్ 1837లో వెలువరించిన గ్రంథము. తాను ప్రేమించిన స్త్రీ వలచినవాని కొరకు ప్రాణమిచ్చు మనిషి ఊహ ఆయనకు 1857లో తాను స్వయముగా వేషము ధరించిన ఒక నాటకము వలన కలిగినది. విల్కీ కాలిన్స్ వ్రాసిన ఆ నాటకములో డికెన్స్ అట్టి త్యాగియొకని పాత్రనే ధరించెను.

అయితే ఈ కథకు అంతకంటె లోతైన వేరొకటి ఆయన బాల్యములో ఉన్నది. డికెన్స్ తండ్రి నౌకాదళపు జీతముల కార్యాలయమున గుమాస్తా. ఇతరుల జమాఖర్చులు చూచుచు తన జమాఖర్చు తప్పినవాడు. 1824లో అప్పు తీర్చలేక ఆయన మార్షల్సీ అను ఋణగ్రస్తుల చెరసాలలో పడెను. 12 ఏండ్ల కుమారుడు చదువు మాని, బూట్లకు పూయు నల్లరంగు తయారుచేయు చోట సీసాలకు చీటీలు అంటించెను. ఆ పిల్లవాడు పెరిగి లోకప్రసిద్ధుడైన తరువాత గూడ ఈ సంగతిని లోకమునకు చెప్పుకొనలేదు. ఆయన 1870లో మరణించిన పిమ్మట, మిత్రుడు ఫార్‌స్టర్ వ్రాసిన జీవితచరిత్ర వలన అది అందరికిని తెలిసినది. మఱియు 1842లో అమెరికా వెళ్ళినప్పుడు ఫిలడెల్ఫియాలో ఖైదీలను ఒంటరి గదులలో ఉంచు కారాగారమును చూచి, ఆ ఏకాంతము మనస్సును ఎట్లు నలుచునో తన యాత్రా గ్రంథమున వ్రాసెను. కావున చెర యనగా ఏమియో, చెప్పుకొనరాని గాయమనగా ఏమియో ఆయన ఎరిగి వ్రాసినవాడు.

ఇక కథలోని మూల నేరమును చూతము. అది 1757లో జరిగినది. ఎవ్రేమాండ్ వంశపు ప్రభువులు ఇద్దరు కవల సోదరులు. వారు తమ భూములలో బ్రతుకు ఒక రైతు కుటుంబమును నాశనము చేసిరి. వివాహితయైన యువతిని చెరపట్టిరి. ఆమె భర్త వారి హింసకు బలియైనాడు. తండ్రి గుండె పగిలి పోయినాడు. అడ్డగింపవచ్చిన తమ్ముడు కత్తిపోటు తిని మరణించినాడు. తుదకు ఆమెయు మరణించినది. మిగిలినది ఆ తమ్ముడు ముందుగా దూరమున దాచిపెట్టిన చిన్న చెల్లెలొక్కతె. చనిపోవుచున్న అక్కాతమ్ములకు చికిత్స చేయుటకై ఆ ప్రభువులు పిలిపించిన వైద్యుడు డాక్టరు మానెట్. ఆయన వారి ధనమును నిరాకరించి, చూచినదానిని చూచినట్లు మంత్రికి లేఖ వ్రాసెను. దాని ఫలితము ఆయనకే తగిలినది. విచారణ లేదు, తీర్పు లేదు. ముద్ర వేసిన రాజాజ్ఞ యొక్కటి చాలినది. ఆయనను బాస్టీలు కోటలో 18 ఏండ్లు పాతిపెట్టిరి. ఇట్టి ముద్రాజ్ఞలు నాటి ఫ్రాన్సులో నిజముగా ఉండినవి. వానిని 1790లో విప్లవ శాసనసభ రద్దుచేసినది.

1775లో మానెట్ విడుదలయగునప్పటికి ఆయనకు తన పేరు తెలియదు. పేరడిగినచో తన గది సంఖ్య చెప్పును: ఉత్తర బురుజు, 105. పారిస్‌లో తన పాత సేవకుడైన డిఫార్జ్ ఇంటి అటుకగదిలో వంగి కూర్చుండి బూట్లు కుట్టుచుండును. చెరలో చేతులకు పని కావలెనని నేర్చుకొన్న విద్య అది. అక్కడికి ఆయన కుమార్తె లూసీ వచ్చును. ఆమె వయస్సు 17 ఏండ్లు. తండ్రి మృతుడని నమ్మి పెరిగినది. ఆయన ఆమెను ముఖము చూచి గుర్తింపలేదు. తన మెడలో చిన్న గుడ్డలో మడిచి దాచుకొన్న ఒకటి రెండు వెండ్రుకలను తీసి, ఆమె బంగారు వన్నె జుట్టుతో పోల్చి చూచెను. అవి చెరకు వచ్చిన దినమున ఆయన చొక్కా చేతిపై నిలిచిన భార్య తలవెండ్రుకలు. 18 ఏండ్లలో రాజ్యము ఆయన వద్దనుండి తీసికొనలేకపోయిన ఆస్తి అంతమాత్రమే.

ఇచ్చటినుండి మనోగాయము మానుట ప్రారంభమగును. డికెన్స్ దానిని తొందరపెట్టలేదు. లండన్‌లో మానెట్ మరల వైద్యుడాయెను, మరల నవ్వనేర్చెను. కాని ఆయన పడకగదిలో బూట్లు కుట్టు పీటయు, పనిముట్లును అట్లే ఉండెను. రాత్రివేళ మనస్సు చెదరినచో లేచి గదిలో ఇటునటు నడచుచుండును. లూసీ "ఎందుకు?" అని అడుగదు, "మరచిపొమ్ము" అని చెప్పదు. లేచివచ్చి ఆయన ప్రక్కన తానును నడచును. ఆయన మనస్సు కుదుటపడువరకు నడచును. అయ్యలారా, ఓదార్పు అనునది ఇంతకంటె క్లుప్తముగా చెప్పినవారిని నేను చదువలేదు.

తరువాత ఒక కఠిన పరీక్ష వచ్చును. లూసీని వరించిన చార్లెస్ డార్నే యను యువకుడు ఆ ఎవ్రేమాండ్ వంశమువాడే. తన వారి పాపమును ఏవగించుకొని, పేరును ఆస్తిని విడిచి, ఇంగ్లండులో పాఠములు చెప్పుకొని బ్రతుకుచున్నవాడు. పెండ్లినాటి ఉదయమున అతడు తన అసలు పేరును మానెట్‌కు చెప్పెను. మానెట్ పెండ్లి ఆపలేదు, ఒక్క మాట అనలేదు. దంపతులు బండి యెక్కి పోయిన పిదప పీటవద్ద కూర్చుండి తొమ్మిది దినములు బూట్లు కుట్టెను. మానెననుకొన్న గాయము లోపల అట్లే ఉన్నదన్నమాట. పదియవ ఉదయమున ఆయనకు తెలివి వచ్చెను. అప్పుడు జార్విస్ లారీ యను వృద్ధ మిత్రుడు, బ్యాంకు గుమాస్తా, ఈ సంగతిని మరియొకని వ్యాధివలె చెప్పి ఆయననే సలహా అడిగెను. రోగియు తానే, వైద్యుడును తానే. ఆ పీటను విడుచుట కష్టమని, అది ఆ రోగికి చీకటిలో తోడుగా నిలిచిన పాత స్నేహితుని వంటిదని ఆయన చెప్పెను. అయినను కుమార్తె కొరకు సమ్మతించెను. లారీ ఆ పీటను నరికినప్పుడు, పరిచారిక మిస్ ప్రాస్ దీపము పట్టినప్పుడు, ఇద్దరును హత్య చేయుచున్నవారివలె కనిపించిరట. దుఃఖపు అలవాటును తీసివేయుటలో గూడ ఒక హింస ఉన్నదని ఎరిగిన రచయితయే అట్లు వ్రాయగలడు.

ఇంతవరకు కథ ఒక ఇంటిలోని కథ. ఇచ్చట నా వృత్తికి సంబంధించిన మాట యొకటి చెప్పవలెను. ఈ నవలలో మూడు ఖాతాలు ఉన్నవి. మొదటిది లారీ పనిచేయు టెల్సన్ బ్యాంకు ఆవర్జా. అందులో ధనము జమయగును, చెల్లును. రెండవది డిఫార్జ్ భార్య అల్లిక. సారాయి దుకాణములో కూర్చుండి ఆమె ఎల్లవేళల అల్లుచుండును. ఆ అల్లిక కుట్లలో, ఆమెకు మాత్రమే తెలిసిన గుర్తులతో, చంపవలసినవారి పేర్లు పడుచుండును. అది జమ లేని ఖాతా. అందులో చెల్లు వ్రాయు స్థలమే లేదు. ఆమె మరెవరో కాదు. 1757లో మిగిలిపోయిన ఆ చిన్న చెల్లెలు.

మూడవ ఖాతాను మానెట్ స్వయముగా వ్రాసెను. చెరలో పదియవ ఏట, 1767లో, ఆశయంతయు నశించుచున్నవేళ, పొగగొట్టపు మసిని, బొగ్గు పొడిని తన రక్తముతో కలిపి, తుప్పుపట్టిన ఇనుప మొనతో తన కథను వ్రాసి గోడలో దాచెను. దాని చివర ఎవ్రేమాండులను, వారి వంశపు కడపటి మనిషి వరకు, ఫిర్యాదు చేసి శపించెను. ఆ గోడలో కాగితమున్నదని తరువాత ఆయన ఎవరికిని చెప్పలేదు. వ్రాసినవాడు విడుదలయ్యెను, వ్రాత చెరలోనే మిగిలెను.

ఇప్పుడు చరిత్ర కథలోనికి వచ్చును. 1789 జూలై 14న ప్రజలు బాస్టీలును పట్టుకొనిరి. నాడు అందులో ఉన్న ఖైదీలు ఏడుగురు మాత్రమే. కాని ఆ గోడలు తరతరముల భయమునకు గుర్తు. 1793 జనవరి 21న రాజును వధించిరి. ఆ సంవత్సరమే విప్లవ న్యాయస్థానము ఏర్పడెను, అనుమానితులను పట్టుకొను శాసనము వచ్చెను. 1794 జూలైలో రాబెస్పియర్ పతనమగువరకు సాగిన ఆ భీతి పాలనలో తీర్పు పొంది మరణించినవారు ఫ్రాన్సు అంతట సుమారు 17 వేలమంది. డికెన్స్ ఈ రక్తపాతమును మెచ్చుకొనలేదు. అట్లని దానిని ఆకాశమునుండి ఊడిపడినదిగను చూపలేదు. ప్రభువు బండి క్రింద పేదవాని బిడ్డ నలిగినప్పుడు ఆ ప్రభువు బయటికి విసరిన బంగారు నాణెమును ఆయన ముందుగా చూపెను. విత్తనము చూపిన పిదపనే పంట చూపెను.

1792లో, నిర్దోషియైన తన సేవకుని రక్షింప డార్నే పారిస్ వెళ్ళి పట్టుబడెను. కుమార్తెతో వచ్చిన మానెట్ అచ్చట ఒక వింతను కనుగొనెను. బాస్టీలు ఖైదీయను పేరు విప్లవకారులలో ఆయనకు గౌరవము తెచ్చినది. తన 18 ఏండ్ల బాధ వ్యర్థము కాదని, అల్లుని రక్షించుటకు అదే మూలధనమని ఆయనకు తోచినది. ఆ దినములలో ఆయన నవలయంతటిలో ఎన్నడును లేనంత దృఢముగా నిలిచెను. మొదటి విచారణలో డార్నేను విడిపించెను. గాయము ఇతరులకు అక్కరకు వచ్చినప్పుడు మానుననుటకు ఇది నిదర్శనము.

కాని ఆ రాత్రియే డార్నే మరల పట్టుబడెను. మరునాడు న్యాయస్థానములో ఒక కాగితము చదువబడెను. డిఫార్జ్ బాస్టీలు గోడలో కనుగొన్న కాగితము. మానెట్ తన రక్తముతో వ్రాసిన శాపము. తాను వ్రాసిన పద్దే తన అల్లుని తల అడుగుచున్నది. ఆయన ఎంత మొరపెట్టినను వినువారు లేరు. మనమందరము తెలిసికొనవలసిన సంగతి ఇది: పగను వ్రాసినవాడు దానికి యజమాని కాడు. వ్రాసిన మరుక్షణము అది ఇతరుల చేతికి పోవును.

మన పెద్దలకు ఇది క్రొత్త సంగతి కాదు. నన్నయగారి ఆదిపర్వమున సర్పయాగమున్నది. తండ్రిని తక్షకుడు కరచెనని జనమేజయుడు సర్పకులమంతటిని అగ్నిలో వేయబూనెను. తప్పు చేసిన పాము ఒకటి. కాలిన పాములు అసంఖ్యాకములు. దానిని ఆపినవాడు ఆస్తీకుడు. తల్లి నాగకన్య, తండ్రి జరత్కారు మహర్షి. ఇరుపక్షముల రక్తమును తన యందు గలవాడు గనుకనే ఇరుపక్షముల బాధను ఎరుగగలిగెను. డికెన్స్ కథలో గూడ అట్టి శిశువొకటి ఉన్నది. లూసీ డార్నేల చిన్న కుమార్తె. చెర అనుభవించినవానికిని చెర వేసిన వంశమునకును ఆమె ఒక్కతెయే మనుమరాలు. మదాం డిఫార్జ్ ఆ పాపను గూడ తన అల్లికలో చేర్చదలచెను. భర్త "ఎచ్చటనో ఒకచోట ఆపవలె" నన్నను వినలేదు. ఆ పాప ఇంకను పసిది; ఆస్తీకునివలె వాదింపలేదు. కావున వేరొకడు రావలసివచ్చెను.

అతడు సిడ్నీ కార్టన్. బుద్ధిమంతుడైన న్యాయవాది, కాని త్రాగుడుకు లోబడి, తన తెలివిని మరియొక న్యాయవాది ప్రతిష్ఠకు అమ్ముకొని బ్రతుకుచున్నవాడు. రూపమున డార్నేను పోలియుండును. 1780లో లండన్‌లో డార్నే మీద రాజద్రోహ నేరము మోపబడినప్పుడు ఆ పోలికయే డార్నేను రక్షించెను. కార్టన్ లూసీని ప్రేమించెను. ఆమెను కోరుటకు తాను తగనని తానే చెప్పెను. ఆమెకు ప్రియమైనవారి కొరకు ఏ త్యాగమునకైనను సిద్ధమని మాట యిచ్చి తొలగెను. పారిస్‌లో డార్నేకు మరణదండన పడినప్పుడు, ఒక గూఢచారిని లొంగదీసి చెరసాల ప్రవేశించి, డార్నేకు మత్తు ఇచ్చి, బట్టలు మార్చుకొని, అతనిని బయటికి పంపి, తాను నిలిచెను.

ఇచ్చట ఒక ఆక్షేపణ ఉన్నది. "బ్రతుకుమీద విరక్తి చెందిన త్రాగుబోతు చచ్చుటకు ఒక మంచి నెపము దొరకినది, దీనిలో ఉద్ధరణ ఏమున్నది?" అని మిత్రుడొకరు నాతో వాదించిరి. న్యాయమైన ప్రశ్న. దీనికి సమాధానము గిలటీన్ వద్ద లేదు; దానికి ముందున్న చిన్న చిన్న సంగతులలో ఉన్నది. కడపటి దినములలో కార్టన్ త్రాగుట తగ్గినది. రాత్రి పారిస్ వీధులలో తిరుగుచు, తండ్రి సమాధివద్ద చదివిన ప్రార్థనను జ్ఞాపకము చేసికొనెను. బురద వీధి దాటలేక తల్లితో నిలిచిన ఒక చిన్న పిల్లను ఎత్తుకొని ఆవలికి దాటించెను. ఆ పిల్ల ఎవరో అతడెరుగడు.

వధ్యస్థానమునకు పోవు బండిలో అతని ప్రక్కన ఒక పేద కుట్టుపని పిల్ల ఉండెను. ఏ నేరమును చేయనిది. విప్లవము మేలు చేయుననియే నమ్మినది. ఆమె డార్నేను ఎరుగును. ఇతడు డార్నే కాడని గ్రహించి, సంగతి తెలిసికొని, చేయి పట్టుకొననిమ్మని అడిగెను. అతడు తుదివరకు ఆ చేయి విడువలేదు. లూసీ కొరకు ప్రాణమిచ్చుట ప్రేమ. ఎవరును చూడని చోట, తనకు ఏమియు కాని అమ్మాయికి ధైర్యము చెప్పుచు నిలుచుట ఉద్ధరణ. ఆ పిల్ల లూసీ కాదు. అందువలననే ఆమె ఈ కథలో సాక్షి. ఆనాడు తలలు తెగవలసినవారు 52 మంది. క్రింద అల్లిక అల్లుచున్న స్త్రీలు లెక్కపెట్టుచుండిరి. ఆ పిల్ల 22, కార్టన్ 23. వారికి అవి సంఖ్యలు. ఆ రెండు సంఖ్యల నడుమ పట్టుకొన్న చేతులు ఏ ఖాతాలోను పడలేదు.

ఇక మదాం డిఫార్జ్‌ను గూర్చి న్యాయముగా ఒక మాట. చాలమంది పాఠకులు ఆమెను రాక్షసిగా తలచి పుస్తకము మూయుదురు. నేనట్లు తలపను. ఆమె గాయము మానెట్ గాయమునకంటె చిన్నది కాదు. ఇద్దరిని గాయపరచిన చేయి ఒక్కటే. భేదమేమన, మానెట్ అటుకగదికి లూసీ వచ్చెను. ఆ చెల్లెలి వద్దకు ఎవరును రాలేదు. రాదలచినవారు ఒకరుండిరి: డార్నే తల్లి. తన భర్త కుటుంబము చేసిన పాపమును తెలిసికొని, తన కొలది నగలను ఆ మిగిలిన చెల్లెలికి ఇచ్చి ప్రాయశ్చిత్తము చేసికొందునని, చిన్న కుమారునితో మానెట్ వద్దకు వచ్చి ఆ బాలిక జాడ అడిగెను. నేడు తీర్చకున్న ఇది రేపు నా బిడ్డను అడుగునని ఆ తల్లి భయపడెను. జాడ మానెట్‌కును తెలియదు. ఆ నగలు చేరలేదు. ఆ తల్లి భయమే 36 ఏండ్లకు నిజమాయెను. సకాలమున చెల్లని చిన్న పద్దు వడ్డీతో ఎంతకు పెరుగునో లెక్క తెలిసినవారికి నేను చెప్పనక్కరలేదు.

మదాం డిఫార్జ్ కడపట లూసీని వెదకుచు వచ్చి, మిస్ ప్రాస్‌తో పెనుగులాటలో తన తుపాకి తానే ప్రేలి మరణించును. ఆ ప్రేలుడుకు మిస్ ప్రాస్ జీవితాంతము చెవిటిదగును. పగను ఆపినవారికి గూడ మూల్యము తప్పలేదు. ఒక్క లోపము మాత్రము ఈ మహానవలలో నాకు కనిపించును. డికెన్స్ మానెట్‌కు ఇచ్చిన ఓపికలో కొంతయైనను ఆ చెల్లెలికి ఇచ్చియుండినచో కథ ఇంకను గొప్పదై యుండెడిది.

ఇప్పుడు పెద్దల ప్రశ్నకు వచ్చెదను. చీకటి కథలు ఎందుకు చదువవలెను? చీకటి ఉన్నదని ఒప్పుకొనని కథ దానినుండి బయటికి దారి చూపలేదు గనుక. అయితే చీకటి పూసుకొన్న ప్రతి కథయు మంచి కథ కాదు. కథానాయకుడు క్రూరుడై నాయికను హింసించి, కడపటి ప్రకరణములో రెండు కన్నీటి చుక్కలు రాల్చి, ఆమె క్షమను కట్నమువలె పుచ్చుకొను నవలలు అనేకము గలవు. అందులో బాకీ చెల్లలేదు, కొట్టివేయబడినది. బాధపడిన స్త్రీ ఓర్పునే మందుగా అరగదీసి, బాధపెట్టినవానికి పూసినారు. మన యింటి ఆడపిల్లలు అట్టివి చదివి, ఓర్చుకొనినచో ఎట్టివాడైనను మారునని నమ్మినచో అది ప్రమాదము. నేను ఆ పుస్తకములను తీసివేయుమని కోరను. చదువునప్పుడు మూడు ప్రశ్నలు అడుగుమని మాత్రము కోరుదును. తప్పు చేసినవాడు ఏమి చెల్లించెను? బాధపడినవారి ప్రక్కన, తొందరపెట్టక, ఎవరు నడచిరి? కథ ముగియునప్పటికి ఎవరి గాయము ఎవరికిని పట్టక మిగిలిపోయెను? మూడవ ప్రశ్న అడుగు పాఠకుడు ఏ నవలకును మోసపోడు.

ఈ మూడు ప్రశ్నలు పుస్తకములకే పరిమితము కావు. గట్టు తగాదాలు, నీటి వంతులు, తాతల నాటి మాటపట్టింపులు ఏ యూరిలో లేవు? ఎప్పుడో ఒక గట్టు జానెడు జరిగినది. జరిపినవాడును లేడు, చూచినవాడును లేడు. మనుమలు మాత్రము ఒకరి శుభకార్యమునకు ఒకరు పోరు. కాగితముల మీద కొలతలు సరిచేయుట సులభము. మనసులలో అల్లిన పేర్లను విప్పుట కష్టము. దానికి కోర్టు తీర్పు చాలదు. ఎవడో ఒకడు ముందుగా ఆ గుమ్మము తొక్కి, "మావాళ్ళు మీకు చేసినది తప్పే" అని అనవలెను. ప్రాణమీయనక్కరలేదు, ఆ మాట యిచ్చిన చాలును. డార్నే తల్లి నగలు తీసికొని బయలుదేరినట్లు బయలుదేరవలెను. ఆమెకు దొరకని జాడ మనకు దొరకును. ఆ యిల్లు మన వీధిలోనే ఉన్నది.

సర్పయాగ సందర్భముననే జనమేజయునకు వైశంపాయనుడు భారతకథ వినిపించెనని మనమెరుగుదుము. పగతో రగులుచున్న మనుమనికి, పగ వలన నశించిన తాతల కథ చెప్పిరి. ఇంతకంటె సరియైన చోట సరియైన కథ మరి యెవరును చెప్పియుండరు. గ్రంథాలయము చేయు పనియు అదియే. ఇచ్చట ఒకే బల్లవద్ద, ఒకే పత్రికను, మాటలు లేని రెండిండ్లవారు ప్రక్క ప్రక్కన కూర్చుండి చదువుట నేను చూచియున్నాను. మాట కలియలేదు, కాని పుట త్రిప్పునప్పుడు ఒకరికొరకు ఒకరు ఆగిరి.

 రెండు మహానగరముల కథను చదువనివారు చదువుదురు గాక. చదివినవారు మదాం డిఫార్జ్ కొరకు మరియొకమారు చదువుదురు గాక. పుస్తకమును మాత్రము గడువులోగా తిరిగి యిచ్చివేయుడు. ఆ పద్దునైనను మనము సకాలమున చెల్లింపగలము.